ఏ వరుస ఏ ఖాతాది? శ్రీకాకుళంలో మా ఇంటి లెక్కల ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 2025, మొదటి వారం

మా ఇంట్లో బ్యాంకు ఖాతాలు ఐదు. నాన్నగారి పెన్షన్ పడేది ఒకటి; నాన్నగారు, అమ్మ కలిసి తీసుకున్న జాయింటు ఖాతా ఒకటి; అమ్మ పేరున గ్రామీణ బ్యాంకులో ఒకటి; నా జీతం ఖాతా; మా ఆవిడ జీతం ఖాతా. ఇన్నాళ్లూ ఇంటి లెక్కంతా నాన్నగారి పుస్తకంలోనే ఉండేది. బడిపంతులుగా చేసినన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా, ఎడమ పేజీలో జమ, కుడి పేజీలో ఖర్చు రాసి, నెలాఖరుకి నిల్వ తేల్చి కింద గీత కొట్టేవారు. కంటి ఆపరేషన్ అయ్యాక రాత తగ్గించి, "ఇక నువ్వు చూడరా" అన్నారు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెడితే పాత లెక్క తవ్వుకోనక్కర్లేదు. మార్చి 31 నిల్వలు ఐదూ రాసుకుంటే చాలు, అక్కణ్నుంచి ముందుకి.

సాఫ్ట్‌వేర్ గ్నూక్యాష్. ఉచితం, ఓపెన్ సోర్స్, 1990ల చివర్నుంచీ వాడుకలో ఉంది. నా లాప్‌టాప్‌లోనే నడుస్తుంది కనక మా ఇంటి లెక్క ఏ కంపెనీ సర్వర్‌కీ వెళ్లదు. ప్రతి రూపాయినీ రెండు వైపులా రాసే డబుల్ ఎంట్రీ పద్ధతి కావడంతో నాన్నగారికి కొత్తగా నేర్పాల్సింది కూడా లేదు. ఖాతాల పేర్లు తెలుగులోనే పెట్టాను: "ఆస్తులు:బ్యాంకు:నాన్నగారి పెన్షన్", "ఆస్తులు:బ్యాంకు:జాయింటు" ఇలా. మధ్యలోని కోలన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకునేది, పేరులో మనం వాడకూడదు.

ఈ ప్రాజెక్టులో ముందుగా తేలాల్సింది ఒకటే. బ్యాంకు నుంచి ఫైలు దిగగానే అది ఐదింట్లో ఏ ఖాతాదో మనిషి గుర్తుంచుకోనక్కర్లేకుండా తెలియాలి. వర్గాలు, గ్రాఫులు, బడ్జెట్టు అన్నీ ఆ తర్వాతే. లావాదేవీ తప్పు ఖాతాలో పడితే దాని మీద గీసే గ్రాఫులన్నీ తప్పే అవుతాయి.

ఏప్రిల్ రెండో వారం

ఇంపోర్టు, అంటే బ్యాంకు ఫైలుని గ్నూక్యాష్‌లోకి ఎక్కించే పద్ధతులు చదివాను. ఓఎఫ్ఎక్స్ అనే ఫైలు పద్ధతిని 1997లో మైక్రోసాఫ్ట్, ఇంట్యూట్, చెక్‌ఫ్రీ కలిసి తెచ్చాయి. అందులో ప్రతి ఫైలుకీ బ్యాంకు గుర్తింపు సంఖ్య, ఖాతా సంఖ్య లోపలే ఉంటాయి. ప్రతి లావాదేవీకి బ్యాంకు ఇచ్చిన ప్రత్యేక సంఖ్య కూడా ఉంటుంది. గ్నూక్యాష్ మొదటిసారి "ఈ నంబరు మీ పుస్తకంలో ఏ ఖాతా?" అని అడుగుతుంది, మనం చూపించింది గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి నుంచి అడగదు. చాలా సుఖమైన పద్ధతి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: మొదటిసారి వేరే ఖాతా చూపిస్తే ఆ తర్వాత ఫైళ్లన్నీ అడక్కుండానే అందులోకి వెళ్లిపోతాయి. అప్పుడు టూల్స్ మెనూలో ఉన్న ఇంపోర్ట్ మ్యాప్ ఎడిటర్ తెరిచి, ఆన్‌లైన్ అన్న చోట ఆ లంకె వెతికి తీసెయ్యాలి. ఈ ఎడిటర్ ఒకటుందని ముందే తెలుసుకోవడం మంచిది.

మా ఐదు ఖాతాల్లో ఓఎఫ్ఎక్స్ ఇచ్చేది ఒక్కటీ లేదు. ఎక్సెల్, సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్టు), పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్ వస్తాయి. అమ్మ ఖాతాకైతే పాస్‌బుక్కే గతి. సీఎస్‌వీలో తేదీ, వివరం, మొత్తం, నిల్వ ఉంటాయి గానీ ఖాతా ఎవరిదో వరుసల్లో ఎక్కడా ఉండదు. ఉంటే పైన చిరునామా దగ్గర, లేదంటే అసలుండదు.

అకౌంట్ అగ్రిగేటర్ దారి కూడా చూశాను. దానికి ఆర్‌బీఐ 2016లో నిబంధనలు ఇచ్చింది, 2021 సెప్టెంబరులో పెద్ద బ్యాంకులు కొన్ని చేరడంతో పని మొదలైంది. మన అనుమతితో మన బ్యాంకు సమాచారం ఇంకో సంస్థకి వెళ్తుంది. అయితే అందుకునే సంస్థ ఆర్‌బీఐ, సెబీ లాంటి నియంత్రణ సంస్థల పరిధిలో ఉన్నదై ఉండాలి. ఇంట్లో లెక్క రాసుకునే నాకు నేరుగా తలుపు లేదు. ఆ దారి వదిలేశాను.

ఇంటర్నెట్‌లో "మీ పీడీఎఫ్ ఇక్కడ వెయ్యండి, ఎక్సెల్ చేసిస్తాం" అనే సైట్లు బోలెడున్నాయి. వాటికి ఒక్క స్టేట్‌మెంటు కూడా ఇవ్వను. నాన్నగారి పేరు, చిరునామా, ఖాతా నంబరు, ఏ మందుల షాపులో ఎంత ఖర్చయిందో అన్నీ అందులో ఉన్నాయి. ఆ పని నా మెషీన్‌లో పైథాన్ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాము (స్క్రిప్టు) చేస్తుంది.

ఏప్రిల్ మూడో వారం

ఖాతాని దేంతో గుర్తుపట్టాలి? ఫైళ్లన్నీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కోదాన్నీ పరీక్షించాను.

పేరుతో కుదరదు. జాయింటు ఖాతా స్టేట్‌మెంటు మీద మొదటి ఖాతాదారు నాన్నగారే, పెన్షన్ ఖాతా మీదా నాన్నగారే. ఒక ఫైల్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, ఒకచోట పొడి అక్షరాలు. ఒకే మనిషి మూడు రకాలుగా కనిపిస్తాడు.

చివరి నాలుగంకెలు ఎస్సెమ్మెస్‌లకి బాగుంటాయి. కానీ కొన్ని మెసేజ్‌లలో మూడంకెలే చూపిస్తారు. పైగా సేవింగ్స్ ఖాతాకి అనుబంధంగా ఆర్‌డీ, ఎఫ్‌డీ తెరిస్తే వాటికీ వేరే నంబర్లు వస్తాయి, ఆ మెసేజ్‌లూ అదే బ్యాంకు పేరుతో వస్తాయి. మనిషి కళ్లకి గుర్తుగా సరే, ప్రోగ్రాముకి తాళంగా, అంటే ఖాతాని తప్పు లేకుండా పట్టిచ్చే గుర్తుగా, సరిపోవు.

సీఐఎఫ్ అంటే ఖాతాదారు నంబరు. ఒక మనిషికి ఒక బ్యాంకులో ఎన్ని ఖాతాలున్నా అది ఒకటే. అందువల్ల ఖాతాని పట్టివ్వదు. స్టేట్ బ్యాంకులో ఖాతా నంబరూ 11 అంకెలే, సీఐఎఫ్ కూడా 11 అంకెలే. ఫైల్లో "11 అంకెల సంఖ్య వెతుకు" అని ప్రోగ్రాముకి చెబితే రెండూ దొరుకుతాయి. అందుకని అంకెల పొడవు బట్టి కాకుండా "అకౌంట్ నంబర్" అన్న మాట పక్కనున్నదే తీసుకోవాలని రాశాను.

ఇక పూర్తి ఖాతా నంబరు. మన దేశంలో దీనికి ఒకే కొలత లేదు. స్టేట్ బ్యాంకులో 11, ఐసీఐసీఐలో 12, హెచ్‌డీఎఫ్‌సీలో 14, యాక్సిస్‌లో 15, పంజాబ్ నేషనల్‌లో 16. రెండు బ్యాంకుల్లో ఒకే సంఖ్య పడకూడదని ఎక్కడా లేదు, కాబట్టి నంబరుకి ముందు బ్యాంకు గుర్తు కూడా చేర్చాలి. దానికి ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉంది: 11 అక్షరాలు, మొదటి నాలుగూ బ్యాంకువి, ఐదోది సున్నా, మిగతా ఆరూ బ్రాంచివి. మొదటి నాలుగు అక్షరాలు, ఖాతా నంబరు కలిపితే తాళం.

అలా అనుకుని జాయింటు ఖాతా పాత కాగితాలు తీశాను. అది ఒకప్పటి ఆంధ్రా బ్యాంకుది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. పాత చెక్కు మీద ఐఎఫ్ఎస్‌సీ "ఏఎన్‌డీబీ"తో మొదలవుతుంది, ఇప్పటి స్టేట్‌మెంటు మీద "యూబీఐఎన్"తో. మనుషులూ డబ్బూ అవే, తాళం మాత్రం రెండయింది. అంటే బయటివాళ్లు ఇచ్చే ఏ గుర్తూ శాశ్వతం కాదు. శాశ్వతమైన గుర్తు నేనే పెట్టుకోవాలి.

అదే వారం, రాత్రి

పట్టిక రాశాను. ప్రతి ఖాతాకీ నేను పెట్టిన ఒక పేరు: పెన్షన్, జాయింటు, అమ్మ, నాది, ఆవిడది. ఈ పేర్లు ఇక మారవు. ఒక్కో పేరు ఎదురుగా బ్యాంకు కోడ్, పూర్తి నంబరు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు. జాయింటుకి రెండు వరుసలు: కోడ్ మారేదాకా ఏఎన్‌డీబీ, మారిన తేదీ నుంచి యూబీఐఎన్. స్క్రిప్టు స్టేట్‌మెంటు తలభాగంలో కోడ్, నంబరు చదివి ఈ పట్టికలో వెతుకుతుంది. దొరికితే ముందుకి. దొరక్కపోతే ఆగిపోతుంది. "దగ్గరగా ఉన్నది చూసుకో" అనే తెలివి దానికి ఇవ్వలేదు, ఇవ్వను కూడా.

గ్నూక్యాష్ వైపు ఈ పద్ధతి చక్కగా అతికింది. సీఎస్‌వీ ఇంపోర్టులో ఒక కాలమ్‌ని "ఖాతా" అని చెప్పొచ్చు. అందులో నా పట్టికలోని పేరు పెడితే, తనకి తెలియని పేరు కనబడగానే ఖాతాలు జతచేసే పేజీ తెరుస్తుంది. ఎడమవైపు ఫైల్లోని పేరు, కుడివైపు పుస్తకంలోని ఖాతా. డబుల్ క్లిక్ చేసి ఒకసారి చూపిస్తే చాలు. ఆ లంకె పుస్తకంలో ఆ ఖాతాతోపాటే దాచిపెడుతుంది కనక తర్వాత ఖాతా పేరు మార్చినా తెగదు. ఐదు ఖాతాల వరుసలూ ఒకే సీఎస్‌వీలో పోసి ఒకేసారి పంపొచ్చు. కాలమ్‌ల అమరిక, తేదీ రోజు-నెల-సంవత్సరం అన్న సంగతి, పైన ఎన్ని వరుసలు వదలాలో, అన్నీ ఒక పేరుతో సేవ్ చేసి పెట్టాను.

ఇంపోర్టుకి ముందు ప్రతిసారీ పుస్తకం ఫైలుకి కాపీ తీస్తున్నాను. కొత్త ప్రయోగం కాపీ మీదే.

ఏప్రిల్ చివర

ఎక్సెల్ గురించి విడిగా రాయాలి, ఎందుకంటే డేటా ఇక్కడ చప్పుడు లేకుండా పాడవుతుంది.

బ్యాంకు ఇచ్చిన సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే, ముందున్న సున్నాలు పోతాయి. 12 అంకెల యూపీఐ రిఫరెన్సు నంబరు 5.12ఈ+11 లాగా కనిపిస్తుంది. అలాగే సేవ్ చేస్తే ఫైల్లో కూడా అదే మిగులుతుంది, అసలు నంబరు ఇక రాదు. సంఖ్య 15 అంకెలు దాటితే ఎక్సెల్ దాన్ని పూర్తిగా ఉంచుకోలేదు: 16 అంకెల ఖాతా నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. చూడ్డానికి నంబరులాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సరిగ్గా మనం ఖాతానీ లావాదేవీనీ గుర్తుపట్టే రెండు సంఖ్యలే దెబ్బతింటాయి.

అందుకని నియమం: దిగిన ఫైలుని ఎవరూ తెరిచి సేవ్ చెయ్యకూడదు. దిగింది దిగినట్టు "అసలు" అన్న ఫోల్డర్‌లోకి వెళ్తుంది, అది చదవడానికి మాత్రమే. చూడాలనిపిస్తే ఎక్సెల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లో తెరిచి, ఇంపోర్టు పెట్టెలో ఆ కాలమ్‌లని టెక్స్ట్‌గా ఎంచుకుని చూడాలి. మా ఆవిడ ఫోన్‌లో స్టేట్‌మెంటు దించి నాకు పంపుతుంది. "తెరవకుండా పంపించు" అంటే "తెరవకుండా అది ఏ నెలదో నాకెలా తెలుస్తుందండీ?" అంది. న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు ఫైలు పేరులో నెల ఏమీ అక్కర్లేదు, లోపలి తేదీలు చూసి స్క్రిప్టే పేరు పెడుతుంది.

ఒక ఫైలైతే పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్ అని ఉన్నా లోపల ఉన్నది ట్యాబులతో విడగొట్టిన మామూలు టెక్స్టు. ఎక్సెల్ ఫైలు చదివే పైథాన్ లైబ్రరీ దాన్ని తీసుకోలేదు, టెక్స్టుగా చదివితే సాఫీగా వచ్చింది. మొత్తాల్లో మన పద్ధతి కామాలు (1,25,000.00), నిల్వ చివర "సీఆర్", "డీఆర్" గుర్తులు స్క్రిప్టు శుభ్రం చేస్తుంది. ఇవి చిన్న పనులు.

మే మొదట్లో

మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

నంబరు చూసి "ఇది ఫలానా ఖాతా" అనుకోవడం ఒకటి. అది నిజమేనని రుజువు చేసుకోవడం వేరొకటి. రుజువు నిల్వలో ఉంది. పెన్షన్ ఖాతాకి పుస్తకంలో మార్చి 31 నిల్వ 48,215.60 అనుకోండి. ఏప్రిల్ ఫైల్లో మొదటి వరుస 1,200 ఖర్చు, నిల్వ 47,015.60. ఖర్చుని వెనక్కి కలిపితే 48,215.60. పుస్తకం ఎక్కడ ఆగిందో ఫైలు అక్కడే మొదలైంది, కాబట్టి ఇది ఆ ఖాతాదే. పొరపాటున జాయింటు ఖాతా ఫైలు వస్తే వెనక్కి లెక్కేసినప్పుడు 12,930 లాంటి అంకె తేలుతుంది, స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. మధ్యలో నెల ఫైలు ఎగిరిపోయినా ఇలాగే పట్టుబడుతుంది. తలభాగం లేని సీఎస్‌వీలకి, అంటే ఖాతా నంబరే కనిపించని వాటికి, ఇదొక్కటే దిక్కు.

ప్రతి వరుసకీ అదే పరీక్ష: ముందు వరుస నిల్వ, ఈ వరుస జమ లేదా ఖర్చు, కొత్త నిల్వ మూడూ కలవాలి. కొన్ని ఫైళ్లలో కొత్త లావాదేవీ పైన ఉంటుంది, కొన్నింట్లో కింద. ఒక వరసలో లెక్క కుదరకపోతే స్క్రిప్టు తిరగేసి చూస్తుంది. పీడీఎఫ్ నుంచి తీసినప్పుడు రెండు లైన్లకి విరిగిన వివరం వల్ల ఒక వరుస జారిపోయినా ఈ పరీక్షలోనే తెలిసిపోతుంది.

నాన్నగారికి చూపించాను. "పోయిన నెల కింద తేల్చిన నిల్వ, ఈ నెల పైన రాసిన నిల్వ కలవాలి. మేం రాసిందీ అదే కదరా" అన్నారు.

ఒకే వరుస రెండుసార్లు రాకుండా చూడ్డానికి కూడా నిల్వ పనికొచ్చింది. ఖాతా, తేదీ, మొత్తం, నిల్వ నాలుగూ కలిస్తే ఆ వరుస ముందే వచ్చినట్టు లెక్క. దీనికి ఒక మినహాయింపు ఉంది, అది మా ఫైల్లోనే దొరికింది. ఆమదాలవలస రోడ్డులో పెట్రోలుకి 500 యూపీఐ చేస్తే మొదటిసారి ఫెయిలైంది. 500 పోయింది, అదే రోజు తిరిగొచ్చింది, మళ్లీ 500 కట్టాం. మొదటి ఖర్చు వరుసకీ మూడో వరుసకీ తేదీ, మొత్తం, నిల్వ అచ్చంగా ఒకటే. కానీ రెండూ నిజమైన వరుసలే. రిఫరెన్సు నంబరు వేరు కాబట్టి దాన్నీ గుర్తులో చేర్చాను. రిఫరెన్సు లేని ఫైలుకి ఆ రోజులో ఎన్నో వరుస అన్నది చేర్చాను.

మే 1 తర్వాత, అమ్మ ఖాతా

అమ్మ పాత పాస్‌బుక్ మీద శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు అని ఉంది. 2006లో అది మరికొన్ని గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. ఈ మే 1 నుంచి ఆ వికాస్ బ్యాంకు, చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి గ్రామీణ బ్యాంకులు నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు. ఇదివరకు దీని వెనక స్టేట్ బ్యాంకు ఉండేది, ఇప్పుడు యూనియన్ బ్యాంకు. అమ్మ మాత్రం ఇప్పటికీ "విశాఖ గ్రామీణ బ్యాంకు" అనే అంటుంది, ఇంట్లో అందరికీ అర్థమవుతుంది.

పట్టిక వేసుకున్నది ఇలాంటి రోజు కోసమే. అమ్మ ఖాతా ఎదురుగా ఏప్రిల్ 30తో ఒక వరుస మూసి, మే 1తో ఇంకోటి తెరిచాను. గ్నూక్యాష్‌లో దేన్నీ ముట్టుకోలేదు. కోడ్, నంబరు ఎప్పుడు మారినా పట్టికలో ఒక వరుస చేరుతుంది, అంతే. ఖాతా పేరునే బ్యాంకు పేరుగా పెట్టుకున్నవాళ్లకి ఈ సౌకర్యం ఉండదు. పుస్తకంలో ఖాతాకి "ఫలానా బ్యాంకు" అని కాకుండా "అమ్మ సేవింగ్స్" అని పెట్టుకోండి అని గట్టిగా చెబుతాను.

ఈ ఖాతాకి ఫైలు లేదు. పాస్‌బుక్ ప్రింటు వేయించుకుని వరుసలు టైపు చేస్తున్నాను. అమ్మ పక్కన కూర్చుని చదువుతుంది: "డ్వాక్రా వాయిదా, మూడో తారీకు. రాసేవా బాబూ?" టైపు చేసింది కూడా అదే నిల్వ పరీక్షలోంచి వెళ్తుంది. అంకె తారుమారైతే ఏ వరుసలోనో స్క్రిప్టు చెబుతుంది.

మే మూడో వారం

ఇంట్లో డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి తిరగడం ఎక్కువ. పెన్షన్ పడగానే నాన్నగారు జాయింటులోకి పంపుతారు, నేను అమ్మకి పంపుతాను. ఒక్కో బదిలీ రెండు ఫైళ్లలో కనిపిస్తుంది, ఒకచోట ఖర్చుగా, ఒకచోట జమగా. పుస్తకంలో మాత్రం అది ఒక్క లావాదేవీ.

గ్నూక్యాష్‌లో కొత్త వరుసల్ని పుస్తకంలో ఉన్నవాటితో పోల్చే భాగం, మ్యాచర్, దీన్ని బాగానే చూసుకుంటుంది. పెన్షన్ ఫైలు ఎక్కించి అవతలి ఖాతా జాయింటు అని చూపిస్తే రెండు వైపులా రాస్తుంది. తర్వాత జాయింటు ఫైలు వచ్చినప్పుడు ఆ ఖాతాలో అదే మొత్తం, దగ్గరి తేదీ చూసి, కొత్తగా చేర్చడానికి బదులు ఉన్నదానికే టిక్కు పెడదామా అని సలహా ఇస్తుంది. ఆ సలహా వినకపోతే ఏమవుతుందో నాన్నగారికి చూపించడానికి, కాపీ మీద ప్రతి వరుసనీ కొత్తదిగానే చేర్చాను.

ఆయన స్క్రీను మీదికి వంగి చూసి, "ఏట్రా, ఐదువేలు ఒకసారే కదా పంపాను. జాయింటులోకి రెండుసార్లు వచ్చినట్టుందేటి?" అన్నారు.

"అటు ఫైల్లో ఒకసారి, ఇటు ఫైల్లో ఒకసారి ఉంది నాన్నగారూ. రెండూ ఒకటేనని దీనికి చెప్పకపోతే ఇలా అవుతుంది."

"అయితే ఏ గుర్తు చూసి చెబుతావు? పోయిన నెల ఐదువేలు ఒకే వారంలో రెండుసార్లు పంపాను కదా."

అసలు చిక్కు ఆయన చెప్పిందే. మొత్తం ఒకటే, తేదీలు దగ్గర. మ్యాచర్‌కి రెండూ సమానంగానే కనిపిస్తాయి. ఇక్కడ కాపాడేది యూపీఐ రిఫరెన్సు నంబరు. ఆ 12 అంకెలూ పంపినవారి బ్యాంకు స్టేట్‌మెంటులోనూ, అందుకున్నవారి స్టేట్‌మెంటులోనూ ఒకటే ఉంటాయి. ఐఎంపీఎస్ బదిలీలకీ 12 అంకెలే. నెఫ్ట్ బదిలీకి యూటీఆర్ అనే 16 అక్షరాల రిఫరెన్సు, ఆర్‌టీజీఎస్ బదిలీకి 22. వివరంలో ఆ నంబరు ఎక్కడున్నా స్క్రిప్టు బయటికి తీసి, ఐదు ఖాతాల వరుసలూ పోల్చి జతలు కడుతుంది. షరతులు మూడు: నంబరు ఒకటే, మొత్తం ఒకటే, ఖాతాలు వేరు. మూడో షరతు తప్పనిసరి, ఎందుకంటే ఫెయిలై తిరిగొచ్చిన డబ్బు మీద కూడా అదే నంబరు ఉండొచ్చు, అదే ఖాతాలో. దాన్ని బదిలీ అనకూడదు.

జత దొరికితే ఖర్చు వైపు వరుసని మాత్రమే, అవతలి ఖాతా కాలమ్ నింపి పంపుతాను. జమ వైపు వరుస "జతపడినవి" అన్న జాబితాలోకి వెళ్తుంది. ఇంపోర్టయ్యాక రెండు ఖాతాల నిల్వా బ్యాంకు నిల్వతో కలిస్తే జత సరైనదే. తేదీ తేడా ఉంటే ఖర్చు తేదీయే ఉంచుతున్నాను. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి రోజంతా నడుస్తోంది కాబట్టి ఈ తేడాలు పెద్దగా రావడం లేదు గానీ, రాత్రి పంపినవి మాత్రం ఒక్కోసారి అవతలివైపు మర్నాటి తేదీతో పడుతున్నాయి. మార్చి 31 రాత్రి మాత్రం ఎవరూ బదిలీలు చెయ్యొద్దని ఇంట్లో చెప్పి ఉంచాను.

మే చివర

ఖర్చులు ఏ పద్దులోకి వెళ్లాలో గ్నూక్యాష్ మన పాత ఎంపికలు చూసి నేర్చుకుంటుంది. వివరంలోని మాటల్ని విడదీసి, ఏ మాట వస్తే మనం ఏ పద్దు చూపించామో లెక్కపెట్టుకుంటుంది. మాది ఎంతకీ నేర్చుకోవడం లేదు. కరెంటు బిల్లు కూడా ప్రతినెలా ఇంబ్యాలెన్స్ పద్దులోనే, అంటే ఏ పద్దో తేలనివి పడే చోటే, పడుతోంది.

కారణం వివరం రాసే తీరులో ఉంది. యూపీఐ/డీఆర్/పన్నెండంకెలు/పేరు/బ్యాంకు, అంతా గీతలతో అంటుకుని ఉంటుంది. గ్నూక్యాష్ మాటల్ని ఖాళీల దగ్గర విడదీస్తుంది. ఖాళీయే లేకపోతే మొత్తం ఒక్క మాట. మధ్యలో నంబరు ఉంది కాబట్టి ఆ మాట ఇంకెప్పుడూ రాదు. రానిదాన్ని ఎలా నేర్చుకుంటుంది? గీతల చోట ఖాళీలు పెట్టించి, రిఫరెన్సు నంబరుని వివరంలోంచి తీసి నోట్స్ కాలమ్‌లోకి పంపాను. ఇప్పుడు ఈపీడీసీఎల్ కనబడగానే కరెంటు పద్దు, మందుల షాపు పేరు కనబడగానే వైద్యం పద్దు దానంతట అదే చూపిస్తోంది. ఏడు రోడ్ల కూడలి దగ్గర మేం కూరగాయలు కొనే ఆయన పేరు కూడా పట్టేసింది.

జూన్

ఐదు ఖాతాలూ మే 31 నిల్వతో పైసలతో సహా కలిశాయి. నాన్నగారు పెన్షన్, జాయింటు పాస్‌బుక్కులు తీసుకొచ్చి స్వయంగా చూసుకున్నారు. కలిసిన చోటల్లా పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టారు.

మిగిలింది మా ఆవిడ క్రెడిట్ కార్డు. ఇక్కడ చిక్కులు వేరు. కార్డు పోయి కొత్తది ఇస్తే నంబరు మారుతుంది, బాకీ మాత్రం అదే ఖాతాది. ఆమెకి గడువు ముందే ఒకసారి కార్డు మారింది కాబట్టి పట్టికలో రెండు వరుసలు వేశాను, మారిన తేదీతో. పెద్ద ఇబ్బంది నిల్వ దగ్గరే. బ్యాంకు ఖాతాలాగ కార్డు బిల్లులో వరుస వరుసకీ నిల్వ ఉండదు. పాత బాకీ, కట్టింది, కొత్త కొనుగోళ్లు, వడ్డీ, ఛార్జీలు కలిపి చివర ఒక్క మొత్తమే ఇస్తారు. కాబట్టి రుజువు బిల్లు మొత్తం మీదే చెయ్యాలి: పోయిన బిల్లు బాకీలోంచి కట్టింది తీసేసి, కొత్తవన్నీ కలిపితే ఈ బిల్లు మొత్తం రావాలి. రాకపోతే ఏ వరుస జారిందో స్క్రిప్టు చెప్పలేదు, చేత్తో వెతుక్కోవాలి. బిల్లు కట్టడం కూడా బదిలీయే కాబట్టి జీతం ఖాతాలో పోయిన మొత్తం, కార్డులో జమైన మొత్తం జతపడాలి. దానికి రెండువైపులా ఒకే రిఫరెన్సు వస్తుందో లేదో ఇప్పటి బిల్లులో చూశాను, వివరం సగంలోనే తెగిపోయింది. ప్రస్తుతానికి మొత్తం, తేదీ బట్టి జత కట్టి, ఆ వరుసలకి మాత్రం నేను ఔనన్నాకే ముందుకెళ్లేలా స్క్రిప్టులో ఆపు పెట్టాను. జూలై బిల్లు రాగానే రెండింటి తేదీల తేడా చూసి దాన్ని ఉంచాలో తియ్యాలో తేలుస్తాను.